కింది ఫ్లాట్‌లో వినబడిన మిషన్

కుట్టు మిషన్లు కిరాయికిచ్చే పని మొదలుపెడదామనుకునే పిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వస్తుంటారు. ఏ మిషన్ మంచిది, కొట్టుకు షట్టర్ ఎక్కడ దొరుకుతుంది, ఎన్నాళ్లకోసారి నూనె వేయాలి అని అడుగుతారు. తెలిసినంత చెబుతాను. పోయేముందు ఇంకో మాట కూడా చెబుతాను: మీ మిషన్ ఏ ఇంట్లో పెడుతున్నారో, ఆ ఇంటి కింద ఎవరుంటున్నారో చూసి రండి. చాలామంది నవ్వి ఊరుకుంటారు. ఆ మాట ఎందుకంటానో తెలియాలంటే ఒక అపార్ట్‌మెంట్ సంగతి చెప్పాలి. అందులో నేనేం గొప్పగా కనబడను. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

నేను ఇరవై ఆరేళ్లు బట్టల ఫ్యాక్టరీలో పనిచేశాను. చేరింది కాలర్లు కుట్టడానికి. మా లైన్‌లో మిషన్ ఆగితే మెకానిక్ కోసం వెతుక్కోవాలి. ఆయన ఎప్పుడూ చాయ్ దగ్గరే ఉండేవాడు. టార్గెట్ తప్పితే తిట్లు మాత్రం మాకు. విసుగొచ్చి ఒకరోజు ఆయన పెట్టెలోంచి పానా తీసుకుని నేనే మిషన్ విప్పాను. పదేళ్లు తిరిగేసరికి ఆయన రిటైరయ్యాడు, పెట్టె నా చేతికొచ్చింది. మూడొందల మిషన్లు ఒకేసారి నడుస్తున్న హాల్లో నిలబడి, ఎడమ వరసలో ఐదోదానికి ఏదో వదులైందని చెప్పేదాన్ని. వెళ్లి చూస్తే నిజమే అయ్యేది. "మీ చెవికి దండం పెట్టాలండి" అనేవారు మా కటింగ్ మాస్టారు. అదే మాట పదిసార్లు వింటే ఎవరికైనా తలకెక్కుతుంది. నాకూ ఎక్కింది.

ఫ్యాక్టరీ దూరంగా తరలిపోయినప్పుడు దాని వెంట వెళ్లే ఓపిక నాకూ మాస్టారికీ లేకపోయింది. మాస్టారు గుంటూరు వైపు మనిషి. పదిసార్లు కొలిచి ఒకసారి కత్తెర పెట్టే రకం. నేను ముందు బిగించి తర్వాత చూసే రకం. మాకు ఎలా కుదిరిందని ఫ్యాక్టరీ వాళ్లంతా ఆశ్చర్యపోయేవారు. రిపేర్లు చేసుకుందామని ఖాజాగూడలో గుట్ట పక్కన ఒక చిన్న షట్టర్ తీసుకున్నాం.

కిరాయి ఆలోచన రిపేరుకు వెళ్లిన ఒక ఇంట్లో పుట్టింది. పెద్ద టవర్‌లో ఇరవై మూడో అంతస్తు. ఆ ఇంటావిడ ఆఫీసు పని అయ్యాక గుడ్డముక్కలు అతికి మంచమంత దుప్పటి తయారుచేసింది. కింద ఒక గుడ్డ, మధ్యలో దూది పొర, పైన ఈ ముక్కల గుడ్డ. మూడింటినీ కలిపి కుట్టబోతే అంత మందం ఇంటి మిషన్ మెడ కింద పట్టలేదు. సగంలో ఆపి అలమారలో పెట్టేసింది. అలా ఆగిపోయినవి ఆవిడ దగ్గరే నాలుగున్నాయి. ఆవిడ స్నేహితుల దగ్గర ఇంకెన్నో. వాళ్లు క్విల్ట్ అంటారు, మేం బొంత అంటాం. ఈ పనికి పొడుగు మెడ మిషన్ ఒకటుంది. మంచమంత ఇనుప చట్రానికి గుడ్డ బిగిస్తే గుడ్డ కదలదు. మిషన్ తలే పట్టాల మీద అటూ ఇటూ జారుతూ కుట్టుకుంటూ పోతుంది. సరదాకు కుట్టుకునేవాళ్లు అంత మిషన్ ఏం కొంటారు? మనం కొని కిరాయికిస్తే?

మా ఆడపడుచు ఈ మాట విని, "బొంత కుట్టనీకి కిరాయి మిషనా? గిదెక్కడి చోద్యం వదినా!" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఏడాది తిరిగేలోపు మావి మూడు మిషన్లయ్యాయి. ఒకటి షట్టర్‌లో, రెండు ఇళ్లల్లో.

ఇళ్లకిచ్చిన రెండింట్లో ఒకటి లింగంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంట్‌కు వెళ్లింది. తీసుకున్నాయనకు నలభై ఐదేళ్లుంటాయి. సాఫ్ట్‌వేర్ అని చెప్పాడు. ముందు మా షట్టర్‌కే వచ్చి మూడు రోజులు నేర్చుకున్నాడు. మా దగ్గరికి మగవాళ్లు రావడం అరుదు. వచ్చినా మిషన్ ఎలా పనిచేస్తుందో అడిగి, ఒక ఫొటో తీసుకుని పోతారు. ఈయన అలా కాదు. ఎక్కువ మాట్లాడడు, తలెత్తడు, గీత గీసినట్టు కుడతాడు. మాస్టారికి ఆయనంటే ముచ్చట. మిషన్ ఇంటికే కావాలని అంటే, పగలు ఇంట్లో ఎవరుంటారని అడిగాను.

"నేనే ఉంటానండి. ఇంటి నుంచే పని" అన్నాడు.

ఆ అపార్ట్‌మెంట్ లిఫ్టులో నలుగురు నిలబడితే తలుపు పడదు. పట్టాలూ చట్రం కాళ్లూ మెట్ల మీదుగా నాలుగో అంతస్తుకు మోయించాం. మూడో అంతస్తు మలుపులో ఒక పట్టా గోడకు కొట్టుకుంది. పట్టా చివర రబ్బరు బుడిపె ఒకటి ఉంటుంది. జారుతూ వచ్చిన మిషన్ తల దానికి తగిలి ఆగుతుంది. అది ఊడి మెట్ల మీద ఎగురుకుంటూ ఎక్కడికో పోయింది. వెతికాం, దొరకలేదు. మోసినవాళ్లు అలసిపోయి ఉన్నారు. నా సంచిలోంచి సరిపోయే ఇనుప బోల్టు ఒకటి తీసి రబ్బరు ఉండాల్సిన చోట బిగించాను.

మాస్టారికి నచ్చలేదు. "ఇనుముకి ఇనుము తగలకూడదండి. రేపు రబ్బరు తెచ్చి వేసి అప్పుడు నడుపుదాం."

"రెండు రోజులకేం కాదు మాస్టారూ. నడవనియ్యండి."

నడిపి, పక్కన నిలబడి విన్నాను. మోటారు మెత్తగా పాడుతోంది. ఇంకేం కావాలనుకున్నాను. ఆ రెండు రోజులు రెండు నెలలయ్యాయి. బోల్టు సంగతి పూర్తిగా మర్చిపోయాను.

ఆ తర్వాత మిషన్ తీసుకున్నాయన ఫోన్ చేశాడు. కింది ఫ్లాట్ అమ్మాయి రెండుసార్లు పైకొచ్చిందట, చప్పుడవుతోందని. నేను వెళ్లి మళ్లీ నడిపించి విన్నాను. తప్పేం దొరకలేదు. నేనుండగానే ఆ అమ్మాయి మూడోసారి వచ్చింది. ఇరవై ఐదు, ఇరవై ఆరేళ్లుంటాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మాట్లాడుతూ తలుపు చట్రాన్ని పట్టుకుని నిలబడింది.

"గిదేనా మిషన్?"

"ఇదే. నువ్వే విను బిడ్డా, ఎంత మెత్తగ నడుస్తుందో."

"ఈడ మెత్తగనే ఉంది ఆంటీ. కింద పండుకుంటే మాత్రం నెత్తి మీద సుత్తెతోని కొట్టినట్టే ఉంటది."

"ఇరవై ఆరేండ్ల సంది మిషన్లు చూస్తున్న. ఇది కుట్టు మిషన్, రోకలి కాదు. నిద్ర పడ్తలేదంటే దవాఖానల చూపించుకో."

ఆ అమ్మాయి ఒక్క క్షణం నా వైపు చూసింది. "దవాఖానలనే పనిచేస్త. నైట్ డ్యూటీ నర్సును" అని చెప్పి దిగి వెళ్లిపోయింది. గొంతు పెంచలేదు. మళ్లీ తిరిగి చూడలేదు.

షట్టర్‌కొచ్చి ఇదంతా మాస్టారికి చెప్పాను. నా వైపు మాట్లాడతారనుకున్నాను.

"మీరు కిందికి వెళ్లి విన్నారా అండి?" అన్నారు.

"ఎందుకు? మిషన్ ఉన్నది పైన కదా."

"ఆ అమ్మాయి ఉన్నది కింద కదండీ."

నేను కిందికి వెళ్లలేదు. నా చెవి మీద నాకంత నమ్మకం.

పది రోజులకు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నోటీసు వచ్చింది. నివాసాల మధ్య యంత్రం నడుపుతున్నారని, ఆదివారం మీటింగ్‌లో దాన్ని తీసేయించే విషయం మాట్లాడతారని. ఒక చోట తీసేయిస్తే ఆ మాట రెండో చోటికి చేరడానికి ఎంతసేపు? మా కస్టమర్లంతా ఇలాంటి ఇళ్లల్లో ఉండేవాళ్లే. పని మొదలైన ఏడాదికే మూతపడుతుందేమోనని భయమేసింది. ఆ భయానికి కోపమంతా ఆ నర్సు మీదకే పోయింది.

శుక్రవారం సాయంత్రం మిషన్ తీసుకున్నాయన భార్య మా షట్టర్‌కు వచ్చింది. ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో కార్డు అలాగే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, మీకొక నిజం చెప్పాలండి. ఆయనకి ఇంటి నుంచి పని ఏమీ లేదు. ఉద్యోగం పోయి ఆరు నెలలైంది. అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని కిందికి వెళ్లి పాలు తెచ్చుకుంటారు, అందరూ ఆఫీసు పనిలో ఉన్నారనుకోవాలని. ముందు నెలల్లో పదకొండయినా మంచం దిగేవారు కాదండి. మీ మిషన్ వచ్చాకే లేస్తున్నారు. తొమ్మిదింటికల్లా దాని ముందు ఉంటారు. ఇప్పుడిది తీసేస్తే..."

మాస్టారు లేచి ఆవిడకు మంచినీళ్లిచ్చారు. ఆవిడ వెళ్లాక నా వైపు చూసి, "రేపు కిందికి వెళ్దామండి" అన్నారు. ఈసారి అడగడం కాదు, చెప్పడం.

శనివారం పొద్దున వెళ్లాం. నిజం చెబుతున్నాను, నేను వినడానికి వెళ్లలేదు. ఆ అమ్మాయి అబద్ధమాడుతోందని తేల్చడానికి వెళ్లాను. మాస్టారిని పైకి పంపి, రోజూలాగే కుట్టుకోమని ఆ ఇంటాయనకు చెప్పమన్నాను. నేను మూడో అంతస్తులో తలుపు కొట్టాను. ఆ ఫ్లాట్‌లో ముగ్గురు నర్సులు కలిసి ఉంటారట. మిగతా ఇద్దరికీ పగటి డ్యూటీ. ఈ అమ్మాయి అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. నన్ను చూసి తలుపు వేసేస్తుందనుకున్నాను. పక్కకు జరిగి లోపలికి రమ్మంది.

"మీరు నమ్మరు గానీ ఆంటీ, మీకొకటి చెప్త. మొన్న రాత్రి ఒక పేషెంటుకు పక్క బెడ్డాయన మందు ఇయ్యబోయిన. సూది చేతిల పట్టుకున్న, పేరు చదివిన, అయినా బుర్రకెక్కలే. పక్కన సిస్టర్ చూసి చెయ్యి పట్టుకుంది. లేకుంటే ఏమయ్యేదో. దినాం రెండు గంటలు పండుకుని డ్యూటీకి పోతున్న. నాకు మీ మీద పగ ఏముంటది?"

"నువ్వు యాడ పండుకుంటవ్ బిడ్డా?" అని అడిగాను.

కిటికీ పక్కన నేల మీద పరుపు చూపించింది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చుని, తల దిండు మీద ఆనించాను. మొదట ఏమీ లేదు. రోడ్డు మీద ఆటో హారన్, వంటింట్లో కుళాయి. ఆ తర్వాత పడింది.

ఠంగ్.

నిజంగానే సుత్తె దెబ్బే. కప్పులోంచి దిగి దూలం వెంట నడిచి గోడలోకి వచ్చి, దిండు దగ్గర ఆగింది. మళ్లీ కొంచెం ఆగి, ఠంగ్. ఆ మధ్యలో ఎదురుచూడటం దెబ్బకంటే ఘోరంగా ఉంది. నాలుగోదానికి నాకు తెలిసిపోయింది. మిషన్ తల పట్టా చివరికి వెళ్లి ఆగుతున్న చప్పుడది. ఒక వైపు ఆగినప్పుడు వినబడదు. రెండో వైపు ఆగినప్పుడు మాత్రం ఇనుముకి ఇనుము తగిలి, చట్రం కాలి గుండా నేలలోకి దిగుతోంది. ఆ రెండో వైపు ఏముందో నాకు బాగా తెలుసు. నా చేతులతో బిగించినదే.

పైన మోటారు పాటలో అది చిన్న టిక్కుమనే శబ్దం. అలాంటివి మా ఫ్యాక్టరీ హాల్లో వేలు. వాటిని లెక్కచేయకుండా ఉండటమే నేను నేర్చుకున్నాను.

సిగ్గేసింది. చెప్పకూడదేమో గానీ, హాయిగా కూడా అనిపించింది. రోగం తెలిసింది. మందు నా సంచిలో పట్టేంత చిన్న రబ్బరు ముక్క. ఆ క్షణంలోనే ఇంకో ఆలోచన కూడా వచ్చింది: ఎవరికీ చెప్పకుండా రబ్బరు మార్చేసి, రేపు మీటింగ్‌లో చప్పుడే లేదు వినండి అంటే సరిపోతుంది. ఈ అమ్మాయి అబద్ధాలకోరవుతుంది, మా పని నిలబడుతుంది. ఆ ఆలోచన ఎంతసేపు ఉందో చెప్పను. ఉన్నదని మాత్రం చెబుతున్నాను.

లేవబోతే మోకాలు పట్టేసింది. ఆ అమ్మాయే చెయ్యిచ్చి లేపింది. చెయ్యి పట్టుకునే ఉన్నాను.

"బిడ్డా, నువ్వు చెప్పిందే నిజం. తప్పు మిషన్‌ది గూడ కాదు, నాది. నిన్ను అట్ల అనకుండ ఉండాల్సింది."

ఆ అమ్మాయి ఏడుస్తుందనుకోలేదు. గోడకు ఆనుకుని మోచేత్తో కళ్లు తుడుచుకుంది. "నాకే ఏమన్న అయితుందేమో అనుకున్న ఆంటీ. డ్యూటీల గూడ గదే చప్పుడు ఇనబడుతుండె. పిచ్చి లేస్తుందేమో అని పరేషాన్ అయిన" అంది.

అప్పటికప్పుడు పైకి వెళ్లి, మిషన్ ఆపించి, బోల్టు విప్పి ఆ ఇంటాయన చేతిలో పెట్టాను. మాస్టారు దాని వైపు చూశారు, నా వైపు చూశారు. "నేను చెప్పాను కదా" అని ఒక్క మాట అనలేదు. రబ్బరు ఆ సాయంత్రానికే తెచ్చారు. చట్రం ఆరు కాళ్లకు వేయడానికి మందపాటి రబ్బరు పలకలు కూడా, ఒక్కొక్కటీ కొలిచి కోసి తెచ్చారు.

ఆదివారం మీటింగ్ పార్కింగ్‌లో కుర్చీలు వేసి పెట్టారు. పాతికమంది దాకా వచ్చారు. సెక్రటరీ పెద్దాయన నోటీసు చదవడం పూర్తికాకముందే నేను లేచి జరిగింది చెప్పాను. బోల్టు సంగతి, వినకుండానే అమ్మాయిని అన్న మాట, అన్నీ. కొందరు మెత్తబడ్డారు. ఒకాయన మాత్రం వదల్లేదు.

"చప్పుడు సంగతి సరే. పగలంతా ఆ మిషన్ నడుస్తుందంటే అది బిజినెస్సే గదా? లేకుంటే పగటిపూట బొంతలు కుట్టేంత తీరిక ఎవరికుంటది? ఆయనకు ఆఫీసు లేదా?"

మిషన్ తీసుకున్నాయన రెండో వరసలో ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ఉన్నాడు. పక్కన భార్య ఆయన చెయ్యి పట్టుకుంది. ఏదో ఒకటి చెప్పి తప్పించాలని నేను నోరు తెరిచేలోపే ఆయన లేచి నిలబడ్డాడు.

"లేదండి. ఆఫీసు లేదు. ఆరు నెలల క్రితం తీసేశారు. ఇంటర్వ్యూలకి వెళ్తున్నాను. మిగతా టైమ్‌లో కుడుతున్నాను. ఒక్కటి కూడా అమ్మలేదండి. కుట్టకపోతే నాకు పగలు గడవట్లేదు."

అడిగినాయన తల వంచుకున్నాడు. వెనక వరసలోంచి ఒక యువకుడు లేచి, "సార్, మా కంపెనీల ఓపెనింగ్స్ ఉన్నయ్, మీటింగ్ అయినంక జర కలుద్దాం" అన్నాడు. ఆయన తల ఊపి కూర్చున్నాడు. ఆ కూర్చోవడంలో భుజాల మీది బస్తా దింపినట్టుంది.

సెక్రటరీ నర్సు వైపు తిరిగారు. డ్యూటీ నుంచి వచ్చి బ్యాగ్‌తోనే లిఫ్ట్ దగ్గర నిలబడి ఉంది. "ఫిర్యాదు నీది కదమ్మా. నువ్వేమంటావు?"

"మిషన్ తీసేయాలని నేనెప్పుడూ అనలే సార్. చప్పుడు తీసేయాలన్న. గంతే."

సోమవారం ఆ అమ్మాయి ఇంట్లోనే పరీక్ష పెట్టాలని తేల్చారు. ఆమెకు వినబడితే మిషన్ దిగిపోతుంది, లేకపోతే ఉంటుంది.

తర్వాత జరిగినవి ఇక్కడే చెప్పేస్తాను. ఆయనకు ఉద్యోగం ఆ యువకుడి కంపెనీలో రాలేదు. మూడు నెలలకు వేరే చోట వచ్చింది. మిషన్ తిరిగిచ్చేశాడు గానీ శనివారాలు మా షట్టర్‌కొచ్చి కొత్తవాళ్లకు నేర్పేవాడు. మాస్టారూ నేనూ ఆ పని ఇంకొన్నేళ్లు నడిపి, నా మోకాళ్లు ఇక మెట్లు ఎక్కలేమన్నాక మాస్టారి కోడలికి అప్పజెప్పాం. ఇప్పుడు వాళ్లకు పదకొండు మిషన్లు. ప్రతి ఇంట్లో బిగించాక ఆమె కింది ఫ్లాట్‌కు వెళ్లి తలుపు కొడుతుంది. దీనికోసమే ఒక కాగితం తయారుచేసింది, కిందివాళ్లు సంతకం పెట్టాలి. నాకు నవ్వొస్తుంది గానీ ఏమీ అనను.

కానీ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుండేది ఆ సోమవారమే.

పొద్దున తొమ్మిదిన్నరకు ఆ అమ్మాయి స్నానం చేసి వచ్చి పరుపు మీద పడుకుంది. నేను కాళ్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. పైన మిషన్ దగ్గర ఆయన, ఫోన్ పట్టుకుని మాస్టారు. ముందు మెల్లగా, తర్వాత వేగంగా, ఆ తర్వాత కావాలనే రెండు వైపులా చివరిదాకా కొడుతూ నడపాలి. చప్పుడు వినబడ్డప్పుడల్లా ఆ అమ్మాయి చెయ్యి ఎత్తాలి. కళ్లు మూసుకుని, అరచెయ్యి పొట్ట మీద పెట్టుకుని సిద్ధంగా ఉంది.

మెల్లగా నడిపారు. చెయ్యి లేవలేదు. వేగం పెంచామని మెసేజ్ వచ్చింది. నేను చెవి ఒగ్గి విన్నాను. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. చెయ్యి లేవలేదు. ఇప్పుడు చివరిదాకా కొడుతున్నామని ఇంకో మెసేజ్. నా కళ్లన్నీ ఆ చేతి మీదే ఉన్నాయి. అది కదిలింది. కానీ అది పైకి లేవలేదు. పొట్ట మీది నుంచి మెల్లగా జారి పరుపు పక్కన నేల మీద పడింది. వేళ్లు వదులుగా విచ్చుకున్నాయి. నోరు కొంచెం తెరుచుకుంది.

ఫోన్ వణికింది. మాస్టారు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఎత్తాను.

"ఏమంటోందండీ? వినబడుతోందంటా?" ఆయన గొంతులో అంత ఆత్రం నేనెప్పుడూ వినలేదు.

"పండుకుంది మాస్టారూ" అన్నాను.

పక్కనున్నాయనకు చెబుతున్నట్టున్నారు. తర్వాత, "అయితే మీరు పైకి వచ్చేయండి. టీ పెడుతున్నారు" అన్నారు.

పైకి వెళ్లలేదు. మధ్యాహ్నం రెండు దాటేదాకా అలాగే కూర్చుండిపోయాను. కదిలితే ఆ ప్లాస్టిక్ కుర్చీకి ఒక కాలు కిర్రుమంటుందని కూర్చున్నప్పుడే విన్నాను.